రెండో పేజీ

జ్వొల్లె, మార్చి 4

రూలీ అత్తా,

ఏడో ఇల్లు కూడా పోయింది. మాతోపాటు ఆ ఇంటికి ఇంకో పందొమ్మిది మంది ధర రాసి మూసిన కవర్లు వేశారట. నా మొగుడు వెస్సెల్ ఆ మాట విని కిందికి వెళ్ళి, ఎవరిదో సైకిలు చక్రం సరిచేస్తూ కూర్చున్నాడు. సైకిళ్ళ కొట్టులో పనిచేసేవాడికి అదొక సుఖం, మనసు బాగోలేకపోతే తిప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళ కాళ్ళకు కట్లు మార్చే నర్సును, నేనేం తిప్పుకోను? ఇల్లు కట్టి చూడు అన్నవాళ్ళు ఇల్లు కొని చూడు అనలేదంటే, వాళ్ళ కాలంలో ఈ మూసిన కవర్ల వేలం లేదన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మీ ఊరి బేకరీ ఆలీస్ ఫోన్ చేసింది. బేరెంట్ తాతకు వృద్ధాశ్రమంలో గది దొరికిందనీ, ఇల్లు అమ్మకానికి పెడుతున్నాడనీ చెప్పింది. అత్తా, నీ పక్కిల్లు! తొమ్మిదేళ్ళప్పుడు నాన్న నన్ను వేజెల్టె నుంచి ఈ ఊరికి తీసుకొచ్చిన రోజున, కారు వెనక అద్దంలో చివరికంటా కనిపించింది ఆ ఇంటి కప్పే.

సెప్టెంబరు ఆఖరుకి ఈ వాటా ఖాళీ చెయ్యాలి. యజమాని అమ్మేసుకుంటున్నాడు. ఆ తర్వాత ఎక్కడుంటామో మాకే తెలియదు.

మంచికీ చెడుకూ అందరికంటే ముందు నిలబడాల్సిన మొదటి పొరుగువి నువ్వే ఆయనకు. నలభై ఏళ్ళుగా ఆయన తాళంచెవి నీ దగ్గర, నీ తాళంచెవి ఆయన దగ్గర. ఆయన భార్య ఆల్తియే అవ్వ పోయినప్పుడు ఊళ్ళో గడపగడపకూ వెళ్ళి కబురు చెప్పింది ఇంటివాళ్ళు కాదు, నువ్వు. నీ మాట ఆయన కాదనడు. ఒక్క ముక్క చెప్పవూ?

ఆశతో చచ్చిపోతున్న
నీ ఫెన్నా

•

వేజెల్టె, మార్చి 9

ఫెన్నా,

నీ ఉత్తరం గురువారమే వచ్చింది. ఇప్పుడు టపా తెచ్చే కుర్రాడు గేటు తీసి వదిలేసి పోతాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ పదకొండు ఊళ్ళకూ ఉత్తరాలు మోశాను, ఒక్క గేటు తీసి వదల్లేదు. పోనీలే, కాలం అలా ఉంది.

అవును, బేరెంటన్న వెళ్ళిపోతున్నాడు. కళ్ళు దాదాపు పోయాయి. పోయిన వారం కాఫీ కప్పులో ఉప్పు కలుపుకుని, బాగుందనే తాగాడు.

ఇల్లు అంటావా, చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఉత్తరం వైపు గడ్డికప్పు నాచు పట్టి పచ్చడైంది. వంటింటి గుమ్మం దగ్గర మీ వెస్సెల్ లాంటి పొడుగువాడు రోజుకు ఆరుసార్లు తల కొట్టుకుంటాడు. నేల చెమ్మ. తోటంతా చుంచులు తవ్విన మట్టికుప్పలు. శీతాకాలంలో గాలి పడమటి గోడలో దూరి, తూర్పు గోడలోంచి బయటికి పోతుంది. ఆ పట్నంలో పుట్టినరోజులకూ పార్టీలకూ అలవాటుపడ్డ పిల్లవి, ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం ఎంత పొడుగుంటుందో మర్చిపోయినట్టున్నావు.

మాట చెప్పమన్నావు. చెప్పను. ఎవరి కవరు ముందు, ఎవరి కవరు వెనక అని నేను చూసేదాన్ని కాదు. ఇన్ని ఇళ్ళవాళ్ళకు ధరతోపాటు ఉత్తరం రాసినట్టే ఆయనకూ రాయి. అంతవరకే.

పొలంలో తీతువులు వచ్చాయి. ఇంకా చలి పోలేదు గానీ, అవి మాత్రం వచ్చేశాయి.

ఆరోగ్యం జాగ్రత్త.
రూలీ అత్త

•

జ్వొల్లె, మార్చి 16

అత్తా,

నీ ఉత్తరం వెస్సెల్‌కి చదివి వినిపించాను. "మీ అత్తకి మనం పక్కన ఉండటం ఇష్టం లేదేమోనే" అన్నాడు. ఛ, అదేం మాటని వాడి మీద ఎగిరాను. నాకూ అదే అనిపించిందని ఒప్పుకోలేక.

శనివారం ఇల్లు చూడటానికి వచ్చాం. నీకు ముందే రాశాను, ఆ రోజు వస్తామని. ఆ బ్రోకరమ్మ గంటకు ఆరు జంటల చొప్పున లోపలికి తోలుతోంది. మా ముందు వాళ్ళు హార్లెమ్ నుంచి వచ్చారట, ఆవిడ చేతిలో కొలతల టేపు. నాకు కొలతలు అక్కర్లేదు. పెరట్లో ప్లమ్ చెట్టు కింద నిలబడి నీ ఇంటివైపు చూశాను.

నీ కిటికీకి తెర వేసి ఉంది అత్తా. పట్టపగలు! వేజెల్టెలో పగలు తెర వేశారంటే ఇంట్లో శవమైనా ఉండాలి, సిగ్గుపడే పనైనా జరిగుండాలి. గంట కొట్టాను. నువ్వు తియ్యలేదు. నీ సైకిలు గోడకి ఆనించే ఉంది.

మేం ఏం తప్పు చేశాం? చెప్పలేనిదేమన్నా ఉంటే మొహం మీదే చెప్పు. నువ్వు ఊళ్ళో అందరితోనూ ముక్కుసూటి మనిషివే కదా.

ఇంటికొచ్చి బేరెంట్ తాతకు ఉత్తరం రాశాను. రెండు పేజీలయింది. మొదటి పేజీ సరదాగా రాశాను, ప్లమ్ పండ్లు దొంగిలించిందీ, ఆల్తియే అవ్వ పట్టుకుని తిట్టకుండా పాన్‌కేకులు పెట్టిందీ. రెండో పేజీలో మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పని మాటలు రాశాను.

ఫెన్నా

•

వేజెల్టె, మార్చి 21

ఫెన్నా,

ఎండకు సోఫా రంగు వెలిసిపోతోందని తెర వేశాను. చెవులు ఈ మధ్య సరిగ్గా వినపడటం లేదు, గంట వినపడలేదు.

చర్చి కడగడం ఈ వారం నా వంతు. నా మోకాళ్ళు ఆ బండల్ని గుర్తుపడతాయి ఇప్పుడు.

వెస్సెల్‌ని తప్పుపట్టకు. నువ్వూ ఏమీ ఊహించుకోకు. ఈ ఏప్రిల్ మొదటివారానికల్లా తేలిపోతుంది. ఏది జరిగినా నామీద కోపం పెట్టుకోకు.

అత్త

•

జ్వొల్లె, ఏప్రిల్ 3

రూలీ అత్తకు,

ఇల్లు హార్లెమ్ వాళ్ళకి వెళ్ళింది. నీకు తెలిసే ఉంటుంది. నాకంటే ముందే తెలిసి ఉంటుంది.

ఎందుకంటే బ్రోకరమ్మ నన్ను ఓదార్చబోయి నోరు జారింది. "ధరలు చూసి నలుగురిని మిగిల్చామండీ, నలుగురూ దగ్గర దగ్గరే. ఆఖరికి ఉత్తరాలే తేల్చాయి. ఆయనకు చూపు లేదు కదా, పక్కింటావిడే అన్నీ చదివి వినిపించింది. చాలా నిక్కచ్చి మనిషి" అంది.

పక్కింటావిడ! నా ఉత్తరం నువ్వు చదివావు. ఆయన పక్కన కూర్చుని, నీ గొంతుతో. ఆ సంగతి నాకు ఒక్కసారైనా చెప్పలేదు. ఎండకు సోఫా వెలిసిపోతోందని రాశావు. మార్చి నెలలో! ఈ చలి దేశంలో!

ఎలా చదివావు అత్తా? ఒక్కటే అడుగుతున్నాను. ఎలా చదివావు?

ఫెన్నా

•

వేజెల్టె, ఏప్రిల్ 7

నా తల్లీ,

మూడు కాగితాలు చింపి నాలుగోది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఇంటికి బోర్డు పెట్టకముందే బేరెంటన్న నన్ను పిలిచాడు. "నా కళ్ళకి కాగితం, మంచు ఒకటే రూలీ. వాళ్ళు రాసేవన్నీ నువ్వే చదవాలి" అన్నాడు. అప్పటికే నీ ఉత్తరం వచ్చింది, ఆలీస్ చెప్పిందని రాశావే, అది. "అన్నా, వీటిల్లో మా పిల్లదీ ఉంటుంది, ఇంకెవరిచేతన్నా చదివించుకో" అన్నాను. "మొదటి పొరుగువి నువ్వుండగా పరాయోళ్ళని పిలవమంటావా? ఊరు నవ్వదూ?" అన్నాడు. కాదనడానికి ఈ ఊళ్ళో వీల్లేదు, నీకు తెలుసు. ఒప్పుకున్నాక ఆ సంగతి మీలో ఏ ఒక్కరికి చెప్పినా తప్పే. అందుకే తెర వేశాను. మీరిద్దరూ ఆ చెట్టు కింద నిలబడటం చూస్తే తలుపు తీస్తాను, తీస్తే చెప్పేస్తాను.

చదివే రోజు వచ్చింది. వాళ్ళ వంటింట్లో కూర్చున్నాం. గొంతు మారకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. మొదటి ముగ్గురివీ వాతావరణ వార్తలు చదివినట్టు చదివాను. హార్లెమ్ వాళ్ళది మంచి ఉత్తరమే, ఆమె తేనెటీగలు పెంచుతుందట.

నీది నాలుగోది. మొదటి పేజీ అయ్యేసరికి ఆయన నవ్వుతున్నాడు. "ఆ దొంగముండేనా! ఆల్తియే దాన్ని ఎంత ముద్దు చేసేదో" అన్నాడు. నేను పేజీ తిప్పాను. పైనుంచి కిందదాకా కళ్ళతో చూశాను. అదంతా చదివితే ఈ ముసలాయన ఇల్లు నీకే ఇస్తాడు. నా నోటితో నేనే నా మేనకోడలికి ఇల్లు ఇప్పించినట్టవుతుంది. అందుకని కాగితం మడిచి, "ఇట్లు, ఫెన్నా" అని నీ సంతకం చదివేశాను.

అదీ నేను చేసింది. న్యాయంగా ఉండబోయి నీ ఒక్కదానికే అన్యాయం చేశాను. ఆ కవరు అసలు విప్పకుండా ఉంటే బాగుండేది, విప్పి సగంలో మూశాను.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

రూలీ

•

జ్వొల్లె, ఏప్రిల్ 20

అత్తా,

రెండు వారాలు పెన్ను ముట్టలేదు. వెస్సెల్ రోజూ "రాశావా?" అంటాడు, నేను గిన్నెలు తోముతాను.

అందరికీ సమానంగా చదివానంటావు. హార్లెమ్ ఆవిడ తేనెటీగలన్నీ చదివావు. నా రెండో పేజీ మింగేశావు. దీన్ని న్యాయమంటే, అన్యాయం ఎలా ఉంటుందో చూపించు. నేను నీకు పరాయిదాన్నయి ఉంటే ఆ ఇల్లు నాకు వచ్చేది. నీ చుట్టాన్ని కావడమే నా తప్పు.

ఆ పేజీలో ఏముందో నువ్వు మర్చిపోయి ఉంటే మళ్ళీ రాస్తున్నాను. నా దగ్గర నకలుంది.

"అయ్యా, మీ పక్కింట్లో ఒకావిడ ఉంది. ఎవరినీ ఏదీ అడగదు. నిరుడు మంచు మీద జారి మణికట్టు విరిగితే పన్నెండు రోజుల దాకా నాకు తెలియదు, మీరు ఫోన్ చేసి చెబితే తెలిసింది. మీరు వెళ్ళిపోతే ఇక ఆమె సంగతి చెప్పేవాళ్ళు ఎవరు? ఆమె పిలవదు. పిలవకపోయినా తెలిసేంత దగ్గర్లో ఉండాలని నా కోరిక. ఇల్లు నాకు అందుకు కావాలి. ప్లమ్ పండ్లు రెండో కారణం."

ఇది చదవడానికి నీకు న్యాయం అడ్డొచ్చిందా అత్తా? నేను నమ్మను.

ఫెన్నా

•

వేజెల్టె, మే 2

ఫెన్నా,

నువ్వు నమ్మకపోవడంలో తప్పులేదు. న్యాయం అని రాసింది నేను నాకు చెప్పుకున్న మాట. అసలు సంగతి సిగ్గు. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషిని, పక్కింటాయన ముందు కూర్చుని, "రూలీకి ఎవరూ లేరు, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి" అని నా గురించి నేనే పైకి చదవాలా? నాలుక తిరగలేదు.

నీ ఉత్తరం అందగానే బస్సెక్కి వృద్ధాశ్రమానికి వెళ్ళాను. ఉత్తరాలన్నీ ఆయన బీరువా సొరుగులోనే ఉన్నాయి. "అన్నా, నీకు ఒక పేజీ బాకీ ఉన్నాను" అని, నీ రెండో పేజీ మొత్తం చదివాను. గొంతు మారింది. మారితే మారిందిలే అనుకున్నాను.

ఆయన అంతా విన్నాడు. తర్వాత అన్నాడు, "నువ్వు ఆ రోజు పేజీ ఎగ్గొట్టావని నాకు తెలుసే."

"ఎట్లా తెలుసు?"

"కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. కాగితం తిప్పిన చప్పుడు వినపడింది. తర్వాత నువ్వు ఊపిరి తీసుకున్నావు. వెంటనే సంతకం చదివావు. ఆ పిల్ల రాసిందాంట్లో నీకు నచ్చనిదేదో ఉందనుకున్నా. రూలీకి ఆ పిల్ల పక్కింట్లో ఉండటం ఇష్టం లేదు, చెప్పలేక ఇట్లా చెబుతోంది అనుకున్నా. నలభై ఏళ్ళు నాకు మొదటి పొరుగువి. పోయేముందు నిన్ను ఇబ్బంది పెట్టి పోతానా? అందుకని హార్లెమ్ వాళ్ళకిచ్చా."

"ఒక్క మాట అడగొచ్చుగా అన్నా!"

"నువ్వు చెప్పొచ్చుగా!"

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అంటే, నేను చూశాను. కాగితాల మీద సంతకాలయిపోయాయి, వెనక్కి తీసుకునే గడువు కొన్నవాళ్ళకే గాని అమ్మినవాళ్ళకు ఉండదట. ఆయన ఏడ్చాడు ఫెన్నా. ఆల్తియే పోయినప్పుడు కూడా నా ఎదుట ఏడవని మనిషి.

నీకు ఇల్లు లేకుండా చేసింది నేనే. ఇందులో ఆయన తప్పు లేదు.

రూలీ అత్త

•

జ్వొల్లె, మే 13

అత్తా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది, తర్వాత వంటింట్లో నేలమీద కూర్చున్నాను.

నువ్వు ఆయన దగ్గర పరువు దక్కించుకోవాలని నా పేజీ దాచావు. ఆయన నీ మనసు కష్టపెట్టకూడదని నాకు ఇల్లు ఇవ్వలేదు. నేనేమో, నువ్వు నాకు భారమని నీకు అనిపించకుండా నిన్ను కనిపెట్టుకోవాలని, నీకు చెప్పకుండా ఆయనకు రాశాను. ఇంతమంది మంచివాళ్ళ మధ్య నాకు ఇల్లు లేకుండా పోయింది.

కోపం ఉంది. లేదంటే అబద్ధం. నిన్న ఒక పేషెంటు, తొంభై ఏళ్ళావిడ, కాలి పుండు నొప్పి పుడుతున్నా "ఏం లేదమ్మా, బానే ఉంది" అంది. "నొప్పిగా ఉంటే నొప్పి అని చెప్పి చావచ్చుగా!" అని అరిచేశాను. పాపం బిత్తరపోయింది. ఆవిడ మీద కాదు అరిచింది.

బుర్గెల్టెలో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. కాలువ పక్కన, చిన్నది. మీ ఊరికి ఏడు కిలోమీటర్లు. స్కూల్లో వంట చేసి రిటైరయిన హిల్లీ అనే ఆవిడది, కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇదే ఆఖరు, ఇది పోతే ఇక ఈ పక్కకి చూడం. వెస్సెల్‌కి తూర్పు సరిహద్దు దాటి జర్మనీలో పని ఉందట, అటు వెళ్ళిపోతాం. అక్కడి నుంచి నీ దగ్గరికి రావాలంటే సగం రోజు పడుతుంది.

నిన్ను ఏమీ చెయ్యమని అడగడం లేదు. దయచేసి ఏమీ చెయ్యకు.

ఫెన్నా

•

వేజెల్టె, మే 24

ఫెన్నా,

అలాగే.

హార్లెమ్ వాళ్ళు వచ్చే నెల దిగుతున్నారు. కొత్తవాళ్ళు వస్తే గుమ్మానికి పచ్చ తోరణం కట్టాల్సింది మొదటి పొరుగే కదా. రోజూ సాయంత్రం నలుగురం కూర్చుని కాగితం గులాబీలు చేస్తున్నాం. తెల్లవి మూడొందలు, ఎర్రవి వంద. నా వంతువి నేనూ చేస్తున్నాను. ఆ ఇంటికి ఈ తోరణం మా ఫెన్నాకోసం కట్టాల్సింది అని ఆలీస్ ముందు పైకే అన్నాను. ఆలీస్ కత్తెర కింద పెట్టేసింది. నా నోట అలాంటి మాట ఎప్పుడూ వినలేదు కదా.

వెస్సెల్ ఆ జర్మనీ పనికి ఎప్పటిలోగా ఒప్పుకోవాలి?

అత్త

•

జ్వొల్లె, జూన్ 11

మా రూలీ అత్తకు,

బుర్గెల్టె ఇల్లు మాకొచ్చింది.

ఆగు, ఇంకా ఉంది. హిల్లీ గారు నిన్న మమ్మల్ని కాఫీకి పిలిచారు. ఎవరింటికెళ్ళినా ఒక్క బిస్కట్ ఇచ్చి డబ్బా మూసేస్తారు కదా, ఆవిడ మూత పెట్టలేదు, బల్లమీదే తెరిచి వదిలేశారు. ఇక ఈవిడ మనసు మార్చుకోదని నాకప్పుడే ధైర్యం వచ్చింది. "ఎనిమిది మందిలో మాకే ఎందుకిచ్చారండీ? నా ఉత్తరం నచ్చిందా?" అని అడిగాను. ఈసారి ఒక్క పేజీయే రాశాను, రెండోది రాసే ధైర్యం లేక.

"నీ ఉత్తరం విప్పకముందే తేల్చేసుకున్నానమ్మా" అన్నారు. ఆ తర్వాత చెప్పిందంతా ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను.

"మే ఆఖర్లో ఒక రోజు జోరున వాన. తలుపు తీస్తే ఒక పెద్దావిడ, సైకిలు పట్టుకుని. పాత టపావాళ్ళ కోటు, నెత్తిమీంచి నీళ్ళు కారుతున్నాయి. లోపలికి రండంటే, వద్దండీ, నేల తడుస్తుంది అంది. వేజెల్టె రూలీనండీ, మీ ఇంటికోసం ఫెన్నా అనే పిల్ల రాస్తుంది, అది మా తమ్ముడి కూతురు అంది. ఓహో, సిఫారసుకొచ్చారా, అందరూ మంచిపిల్లే అంటారు లెండి, అన్నా నేను కొంచెం పెడసరంగానే. సిఫారసు కాదు, అడగడానికొచ్చా అంది. ఏం కావాలి అంటే, నోరు తెరుస్తుంది, మూస్తుంది. నాకు విసుగొచ్చి తలుపు వేసేయబోయా. అప్పుడు గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది. నాకా పిల్ల దగ్గర్లో కావాలండీ అంది. అంతే. చెప్పేసి సైకిలెక్కి వెళ్ళిపోయింది."

ఆవిడ ఇంకో కప్పు కాఫీ పోస్తూ, "ముప్పై ఏళ్ళు పిల్లలకి అన్నం వడ్డించానమ్మా, ఆకలేస్తే అడగటం రాని పిల్లలు ఎట్లా ఉంటారో నాకు తెలుసు" అన్నారు. వెస్సెల్ తల వంచుకుని బిస్కట్లు ఒక్కొక్కటే తింటున్నాడు, ఎన్ని తిన్నాడో వాడికే తెలియదు.

ఏమీ చెయ్యకు అని నేను రాస్తే "అలాగే" అని రాశావు. ఏడు కిలోమీటర్లు వానలో వెళ్ళి, ఏడు కిలోమీటర్లు వానలో వచ్చి, ఆ రోజే కూర్చుని గులాబీలు చేసుంటావు. నాకు ఒక్క ముక్క రాయలేదు.

అత్తా, ఆ మాట నేను ఇంకొకరి నోట విన్నాను. నాన్న పోయాక నేను కావాలని ఎవరూ అలా అడగలేదు. ఆదివారం వస్తున్నాను, ఒక్కదాన్నే. ఉత్తరంలో రాయకు. నా ఎదురుగా కూర్చుని, ఎంతసేపు పట్టినా సరే, నీ నోటితో ఒకసారి చెప్పు.

నీ
ఫెన్నా